పై గేటు

సెప్టెంబర్ 2, మంగళవారం

వచ్చేశాం. క్యాంపర్ తలుపు తీయగానే నా కుర్ర కుక్క మస్టర్డ్ ఒక్క దూకు దూకి నీళ్ళ తొట్టి చుట్టూ చక్కర్లు కొట్టింది. రెండో కుక్క బూట్స్ మాత్రం మెట్టు మీద నిలబడి నా మొహం చూశాడు, ఎత్తి దింపమని. ముసలాడికి మోకాళ్ళు పనిచేయవు గానీ దర్జాకి మాత్రం లోటు లేదు. ఎత్తి దింపాను.

లేబర్ డే సెలవులకి ఎగబడ్డ జనం నిన్నటితో ఖాళీ. వాళ్ళు పారేసిన బీరు డబ్బాలు ఏరేసరికి నడుం పట్టేసింది. ఇక ఈ ఒరెగాన్ తూర్పు మూల నాదీ, ఒరిన్ కట్లర్ ఆవులదీ. సేజ్ పొదల వాసన ముక్కుకి తగలగానే వేసవంతా పడ్డ విసుగు పోయింది.

ఒరిన్ సాయంత్రం పికప్‌లో వచ్చాడు. డెబ్బై దాటినా ఇంకా గుర్రం దిగని మనిషి. "ఏమ్మా, ఈ డబ్బా ఇంకా దొర్లుతోందా?" అన్నాడు నా క్యాంపర్ చక్రాన్ని బూటుతో తన్ని. మీ మోకాళ్ళకన్నా బాగానే దొర్లుతోందన్నాను. నవ్వాడు. ఆయన తన నేలలో నన్ను ఉండనివ్వడానికి కారణం ఉంది. మొదటి ఏడు ఆయన గుట్ట మీద నించి చూస్తున్నాడని తెలియక ఆ దారిలో గేట్లన్నీ దిగి తీసి, ఎలా ఉన్నదాన్ని అలాగే వదిలిపెట్టి వచ్చాను. ఈ దారుల్లో మనిషికి అంతకన్నా పెద్ద యోగ్యత లేదు. ఆ సంగతి రోడ్డు పక్క గ్వెన్ కొట్లో పదిమందికి చెప్పాడట. అప్పట్నించీ ఈ తొట్టి పక్క చోటు ప్రతి సెప్టెంబరూ నాది.

ఈ ఏడు వానల్లేవనీ, మందని అటు మార్చాననీ ఇటు తోలాననీ ఏదో చెబుతూ ఉన్నాడు. నేను కప్పు మీద డిష్ తిప్పుతూ ఊఁ కొట్టాను. రేపు పొద్దున్నే పని మొదలుపెట్టాలి, సిగ్నల్ చూసుకోవాలి కదా.

నికిల్ కూడా వచ్చాడు. భార్య ఎలెన్ చనిపోయిన ఏడు ఒరిన్ తెచ్చుకున్న బూడిదరంగు కుక్క. చంకలో పెట్టుకుని పెంచాడు. ఇప్పుడు వాడు ఒక్క ఈలకి మంద మొత్తాన్ని మళ్ళిస్తాడు. మస్టర్డ్‌ని చూడగానే వాడి ఉద్యోగం వాడికి గుర్తు లేదు. ఇద్దరూ పొదల్లో పడి ఒకటే పరుగులు.

సెప్టెంబర్ 3, బుధవారం

పని బాగా సాగింది. జనం ఈ వారం కాఫీ మిషన్ల మీద విరుచుకుపడుతున్నారు. కొత్త రకం మిషన్‌లో మూత ఎగిరి వంటిల్లంతా కాఫీ చిందుతోందట. నా పని వాళ్ళకి క్షమాపణ రాయడం. కంపెనీలో నా అంత బాగా క్షమాపణ రాసేవాళ్ళు లేరు. తిట్టిన మనిషి చివరికి థాంక్స్ చెప్పాలి, మనం మాత్రం తప్పు మాదని ఒక్క ముక్క రాయకూడదు. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం." ఎవరు చేశారో ఉండదు, ఏం చేశారో ఉండదు. కొత్తగా చేరినవాళ్ళకి మా బాస్ ట్రిష్ నా ఉత్తరాలే చూపిస్తుంది.

సాయంత్రం మీటింగ్‌లో ఉండగా ఆవులు నీళ్ళకి దిగాయి. తొట్టి చుట్టూ ఒకటే రంకెలు. బూట్స్ లేవలేక పడుకునే గుర్రుమన్నాడు. ట్రిష్ "ఎవరైనా చచ్చిపోతున్నారా నెల్డా?" అంది. లేదు, కస్టమర్లు ఫోన్ చేశారన్నాను. అందరూ నవ్వారు.

సెప్టెంబర్ 4, గురువారం

గాలికి డిష్ వంగింది. మధ్యాహ్నం మీటింగ్ ఉంది, సిగ్నల్ చుక్క లేదు. బండి తీసుకుని గుట్ట మీదకి పోయాను. తొట్టి నించి గుట్టకి పోయే దారిలోని పై గేటు బార్లా తెరిచి, తీగలు చుట్ట చుట్టి పక్కన పడేసి ఉంది. మూడేళ్ళలో ఆ గేటు తెరిచి ఉండగా ఎప్పుడూ చూడలేదు. సెలవుల జనం పనే. ఒళ్ళు మండిపోయింది. మీటింగ్ తొందరలో అప్పటికి అలాగే వదిలేసి పోయాను.

గుట్ట మీద సిగ్నల్ బ్రహ్మాండం. ఒరిన్ ఆవులు కొన్ని అక్కడ నీడలో పడుకుని నెమరేస్తున్నాయి. ఒక దూడ బండి అద్దంలో మొహం చూసుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు గేటు నేనే వేశాను. అదేమీ మామూలు గేటు కాదు. ముళ్ళతీగలు, వాటిని పట్టుకున్న నాలుగు కర్రలు. చివరి కర్రని భుజంతో నెట్టి, గట్టిగా కావలించుకుని, పైన తీగ ఉచ్చు తగిలించాలి. మా ఆయన డెన్నిస్ నాతో ఉన్న రోజుల్లో తను నడిపేవాడు, నేను దిగి తీసేదాన్ని. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళే గేటుకి దిగడం ఇక్కడి పద్ధతి. ఇప్పుడు నడిపేదీ నేనే, దిగేదీ నేనే. మొదటిసారి ఉచ్చు జారింది, రెండోసారి పడింది. భుజం కమిలిపోయింది గానీ మనసుకి హాయిగా ఉంది. నీకెప్పుడూ నువ్వే కరెక్టు అని వెళ్ళిపోయేటప్పుడు డెన్నిస్ పెద్ద నేరంలా చెప్పాడు. కరెక్టుగా ఉండటంలో తప్పేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

డిష్‌కి టేపు చుట్టాను.

సెప్టెంబర్ 5, శుక్రవారం

ప్రశాంతంగా ఉంది. నిన్న సాయంత్రమూ ఆవులు రాలేదు, ఇవాళా రాలేదు. కింది మైదానంలో ఇంకో తొట్టి ఉంది కదా, అటు పోయుంటాయి. బూట్స్ గుర్రు పెట్టి నిద్రపోయాడు. ఇంత బాగా పని చేసుకుని చాలా రోజులైంది. ఎండ మాత్రం సెప్టెంబర్‌లా లేదు, క్యాంపర్ రేకు మీద చెయ్యి పెడితే కాలుతోంది.

చీకటి పడ్డాక గుట్ట వైపు నించి ఆవుల అరుపులు వినిపించాయి. కయోటీ నక్కలు తిరుగుతున్నాయేమో. కిటికీ మూశాను.

సెప్టెంబర్ 6, శనివారం

పొద్దున నికిల్, మస్టర్డ్ కలిసి ఎటో పోయి పొద్దెక్కాక వచ్చారు. కాళ్ళ నిండా బురద. ఈ ఎండలో బురద ఎక్కడ దొరికిందో. మస్టర్డ్ మూతి దగ్గర కంపు, ఎరుపు. కుందేలుని పట్టారనుకుంటా. సబ్బు పెట్టి కడిగాను, అది నా మీద అలిగింది. నికిల్ కడిగించుకోకుండానే ఇంటికి పారిపోయాడు.

డిష్ మళ్ళీ వంగింది. శనివారమైనా ఉత్తరాలు పేరుకుపోయాయి, గుట్ట ఎక్కక తప్పలేదు. పైన ఆవు ఒక్కటి లేదు. ఒరిన్ కిందికి దింపేసి ఉంటాడు. తిరిగొచ్చేటప్పుడు మొన్నటి భుజం నొప్పికి కర్ర ఒంగలేదు. ఆవులే లేనప్పుడు గేటు ఎవరి కోసం? తీగలు చుట్ట చుట్టి పక్కన పెట్టి వచ్చేశాను.

సాయంత్రం డబ్బా చిక్కుడు గింజలు, మిరపకారం. బూట్స్‌కి వాసన చూపించి నేనే తిన్నాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

ఒరిన్ వచ్చాడు. పికప్ వెనక నికిల్ గొలుసుతో కట్టేసి ఉన్నాడు. వాడి మెడకి గొలుసు ఉండగా చూడటం ఇదే మొదటిసారి.

కాఫీ ఇస్తే తీసుకున్నాడు, తాగలేదు. మస్టర్డ్‌ని దగ్గరికి పిలిచి, మూతి ఎత్తి, పెదవి వెనక్కి లాగి చూశాడు. అది తోక ఆడిస్తూ నిలబడింది. నిదానంగా చెప్పాడు. శుక్రవారం రాత్రి మంద గుట్టకి అటువైపు కంచె తెంచుకుని నది పక్క పొలంలో పడిందట. తడి లూసర్న్ గడ్డి మేసి కడుపులు ఉబ్బి రెండు ఆవులు చచ్చాయి. ఒక దూడ తీగల్లో చిక్కుకుని చచ్చింది. శనివారం నికిల్ ఇంటికొచ్చేసరికి వాడి మూతి నిండా రక్తం.

చచ్చినదాన్ని వాసన చూసి ముట్టుకుని ఉంటారు, అంతమాత్రాన తరిమినట్టు కాదుగా అన్నాను. గట్టిగానే అన్నాను. కుక్క తరఫున మాట్లాడటం నాకు బాగా వచ్చు.

"నేనూ అలాగే అనుకుందామని చూశానమ్మా" అన్నాడు. "కానీ ఆవు ఊరికే కంచె తెంచుకోదు. దానికి నీళ్ళు కావాలి. నీళ్ళకి దారి ఉంది. పై గేటు తెరిచే పెట్టాను, నిన్న చూస్తే తెరిచే ఉంది. పగలంతా మేసి సాయంత్రం నీ తొట్టి దగ్గరికి దిగుతాయి. ఈ ఏడు మంద అంతా పైనే, కింద ఒక్కటి లేదు, నీకు చెప్పాగా. మరి నీళ్ళు వదిలి అటు ఎందుకు పోతాయి? ఏదో తరిమింది."

నా చేతిలో కప్పు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను.

ఆవుల రుచి మరిగిన కుక్క ఊరుకోదని అన్నాడు. నన్నేమీ అనడంలేదనీ, నా కుక్క నా ఇష్టమనీ, ఆవులు లేని చోటికి తీసుకుపోయి కట్టేసి పెంచుకోమనీ చెప్పాడు. తన కుక్క సంగతి తను చూసుకుంటాడట. బుధవారం మిగిలిన మందని దించాలి, ఆ పనికి నికిల్ లేకపోతే కుదరదు. ఆ పని అయ్యాక.

అయ్యాక ఏమిటని నేను అడగలేదు. ఈ ఊళ్ళల్లో ఆ మాట ఎవరూ పూర్తి చేయరు. ఎవరి కుక్కని వాళ్ళే తీసుకుపోతారు, తుపాకీ పట్టుకుని, ఇంకొకళ్ళని పంపకుండా.

కాఫీ కప్పులు రెండూ కడిగి బోర్లించాను.

సెప్టెంబర్ 7, ఇంకా

చెబుదామనే నోరు తెరిచాను. ఆయన అప్పటికే పికప్ ఎక్కాడు.

కాదు. ఎక్కలేదు. టోపీ తీసి, పెట్టుకుని, కాసేపు నిలబడ్డాడు. బోలెడు టైముంది.

సెప్టెంబర్ 8, సోమవారం

పొద్దున్నే బయలుదేరాం. మస్టర్డ్‌ని కాపాడుకోవాలి కదా, అదీ అసలు సంగతి. ఇల్లు చక్రాల మీద పెట్టుకున్నది ఎందుకు? నచ్చని చోట ఒక్క పూట కూడా ఉండనక్కర్లేకుండా.

నీళ్ళు పట్టుకోవడానికి గ్వెన్ కొట్టు దగ్గర ఆగాను. ఆ ఒక్క గదిలోనే పెట్రోలు, చాకిరేవు మిషన్లు, కబుర్లు అన్నీ దొరుకుతాయి. గ్వెన్ పైపు పట్టుకుని నిలబడి, "మంచి పని చేశావే, నీ మస్టర్డ్‌ని తీసుకుపో" అంది. ఒరిన్ నిన్న కొట్లో కూర్చుని ఒక్క ముద్ద తినలేదట. ఎవరో నా మీద నోరు పారేసుకోబోతే ఊరుకోలేదట.

"ఏమన్నాడో తెలుసా? నెల్డా గేట్లు చూసుకునే మనిషి, తప్పు ఆమెది కాదు అన్నాడు."

నీళ్ళు నిండి పొర్లిపోతున్నాయి. పైపు కట్టెయ్యమన్నాను.

సాయంత్రానికి జిల్లా దాటి ఒక చెరువు పక్కన ఆగాం. చోటు బాగుంది. ఆవులు లేవు. గేట్లు కూడా లేవు.

సెప్టెంబర్ 9, మంగళవారం

తెలివైన పనే చేశాను. ఒకసారి సరిగ్గా ఆలోచిద్దాం. చచ్చిన ఆవులు తిరిగి రావు. గేటు మూడేళ్ళుగా మూసే ఉంది, తెరిచి ఉంటే ఎవరైనా ఏమనుకుంటారు? మంద పైకి మార్చినప్పుడు ఒక చెక్క మీద రాసి తగిలించొచ్చు కదా. నాకు చెప్పానంటాడు. డిష్ తిప్పుకుంటున్న మనిషికి చెబితే చెప్పినట్టా? నికిల్ ఆయన కుక్క. ఆయన ఇష్టం.

మళ్ళీ చదివాను. ట్రిష్ చూస్తే దీన్ని కూడా కొత్తవాళ్ళకి చూపిస్తుంది.

మధ్యాహ్నం ఒక ఉత్తరం వచ్చింది. పోయిన వారం కాఫీ మిషన్ మూత ఎగిరి చెయ్యి కాలిందని రాసిన పెద్దావిడ. నా జవాబు చదివి కళ్ళు చెమర్చాయట, ఇంత మనసు పెట్టి క్షమాపణ చెప్పినవాళ్ళని ఈ మధ్య చూడలేదట. నాకు దేవుడు మేలు చేయాలట. ఆమెకి నేనేం రాశానో తీసి చూశాను. అందులో ఏమీ లేదు. ఆమె చెయ్యి గురించి కూడా లేదు. సగం మందికి అదే పంపాను.

ల్యాప్‌టాప్ మూసేశాను. సిగ్గేసింది. ఈ మాట ఇంకెక్కడా రాయను గనక ఇక్కడ రాస్తున్నాను.

ఒరిన్‌కి ఒక ఉత్తరం రాసి గ్వెన్ చేతికి పంపుదామని కూర్చున్నాను. "ప్రియమైన ఒరిన్, గత వారం మీ మందకి జరిగిన నష్టానికి తీవ్రంగా చింతిస్తున్నాను." బాగా వచ్చింది. చించేశాను.

బూట్స్ రాత్రి అన్నం ముట్టలేదు. వాడికేమీ లేదు. నేను తినకపోతే వాడు తినడు, అంతే.

సెప్టెంబర్ 10, బుధవారం

వెళ్తున్నాను. పనికి సెలవు చెప్పలేదు. ట్రిష్ ఫోన్ చేస్తే చేసుకోనీ.

సెప్టెంబర్ 10, సాయంత్రం

దారి పొడుగునా పైకే చెప్పుకుంటూ వచ్చాను, పై గేటు నేను వేశాను, పై గేటు నేను వేశాను అని. మస్టర్డ్ ప్రతిసారీ చెవులు రిక్కించి నా వైపు చూసింది. ఏదో తిండి పేరనుకుందేమో.

ఒరిన్ దొడ్డి దగ్గర ఉన్నాడు. మంద దిగిపోయింది, దూడలు లోపల అరుస్తున్నాయి. దుమ్ము ఇంకా గాల్లోనే ఉంది. గుర్రం జీను విప్పుతున్నాడు. పికప్ వెనక గొలుసు ఉంది. దాని చివర నికిల్ ఉన్నాడో లేడో కనబడలేదు. దగ్గరికి పోతే, నాలుక వేలాడేసుకుని పడుకుని ఉన్నాడు. నన్ను చూసి తోకతో రేకుని కొట్టాడు.

ఒరిన్ ఎదురుగా నిలబడ్డాను. ఏళ్ళ తరబడి అలవాటైన నోరు కదా, దాని పని అది చేసింది. "జరిగినదానికి చాలా చింతిస్తున్నానండీ" అన్నాను.

"అవునమ్మా. అందరికీ కష్టంగానే ఉంది" అన్నాడు. నా భుజం తట్టి మళ్ళీ జీను వైపు తిరిగాడు. పరామర్శకి వచ్చాననుకున్నాడు.

అక్కడితో వెనక్కి తిరిగినా ఎవరికీ తెలియదు. అది కూడా ఆలోచించాను. దాచుకోవడం ఎందుకు.

"ఒరిన్ గారూ, ఇటు చూడండి. పై గేటు నేను వేశాను. గురువారం. సెలవుల జనం తెరిచి పోయారనుకుని వేశాను. శనివారం ఆవులు కనబడకపోతే నేనే తెరిచి వదిలేశాను. మధ్యలో మీ మందకి చుక్క నీళ్ళు లేవు. వాటిని ఎవరూ తరమలేదు. దాహానికి తెంచుకుపోయాయి. నికిల్ ఏమీ చేయలేదు."

జీను ఆయన చేతుల్లోనే ఉండిపోయింది. అది చాలా బరువుంటుంది. దించలేదు.

"ఆదివారం నీ ముందే నిలబడి చెప్పాను, గేటు తెరిచే ఉందని."

"చెప్పారు."

"అప్పటికి నీకు తెలుసా?"

"మీరు చెబుతుంటేనే తెలిసింది."

"తెలిసి, కాఫీ కప్పు కింద పెట్టి, పొద్దున్నే వెళ్ళిపోయావు."

"వెళ్ళిపోయాను."

జీను కంచె మీద వేశాడు. టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"ఇవాళ వీడు ఎలా పనిచేశాడో నువ్వు చూడలేదు. ఒక్క దూడని తప్పిపోనివ్వలేదు. మధ్యాహ్నమే అయిపోయింది పని. తుపాకీ పికప్‌లోనే ఉంది. చేతులు రాలేదు. ఇంత మాంసం పెట్టి, రేపు పొద్దున చూద్దాంలే అనుకున్నాను." పికప్ వైపు చూశాడు. "నువ్వు ఎల్లుండి వచ్చుంటే?"

ఏడుపొచ్చింది. ఆయన ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే న్యాయం.

పికప్ దగ్గరికి పోయి గొలుసు విప్పాడు. విప్పడానికి చాలాసేపు పట్టింది. "మూతికి రక్తం చూశాను. అది చూశాక ఇంకేమీ ఆలోచించలేదు" అన్నాడు. అది నాతో అన్నాడో వాడితో అన్నాడో తెలియదు. నికిల్ కిందికి దూకి, ఒళ్ళు దులుపుకుని, తిన్నగా నా బండి కిటికీ కిందకి పోయి నిలబడ్డాడు. లోపల మస్టర్డ్ అద్దాన్ని గీకుతోంది.

చచ్చినవాటి సంగతి ఎలా చెబితే అలా తీరుస్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"రేపు పొద్దున కంచె దగ్గరికి రా. చేతి తొడుగులు తెచ్చుకో. అది కట్టాక వెళ్ళిపో. ఈ ఏడు ఇంక ఇక్కడ వద్దు."

సెప్టెంబర్ 11, గురువారం

కంచె కట్టాం. ఆయన కర్ర పాతితే నేను తీగ లాగాను. తీగకి ఇంకా ఎర్ర వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటీ తీశాను. మధ్యాహ్నం దాకా ఆయన పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. అన్నీ తీగ గురించే.

తిండి వేళకి రొట్టె మధ్యలో మాంసం పెట్టిన పొట్లం ఒకటి నా వైపు తోశాడు. తన పొట్లంలోది నికిల్‌కి సగం పెట్టాడు. తర్వాత మిగిలిన సగం కూడా పెట్టాడు.

పని అయ్యాక పై గేటు దాకా వచ్చాడు. గేటు తెరిచి ఉంది. మంద లేదు కదా, ఏం చేయాలో నాకు తోచలేదు. మామూలుగా అయితే ఏదో ఒకటి చేసేసేదాన్ని. బండి ఆపి దిగి, తెరిచి ఉంచనా వేసెయ్యనా అని అడిగాను.

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. "వేసెయ్" అన్నాడు.

కర్రని కావలించుకుని ఉచ్చు వేశాను. ఒక్కసారికే పడింది. గర్వపడ్డాను, ఏం చేయను, నా బుద్ధి అంతే. వెనక్కి తిరిగేసరికి పికప్ వెళ్ళిపోతోంది. నికిల్ ఈసారి ముందు సీట్లో కూర్చున్నాడు, ఎలెన్ కూర్చునే చోట.

సెప్టెంబర్ 19, శుక్రవారం

ట్రిష్ చేత చీవాట్లు. చెయ్యి కాలిన పెద్దావిడకి మళ్ళీ రాశాను. మూత బిగించే మర సరిగ్గా లేదు, మాకు తెలిసీ అమ్మాం, మీ చెయ్యి ఇప్పుడెలా ఉంది అని. కంపెనీని ముంచేద్దామనుకున్నావా అంది ట్రిష్. మునిగితే మిషన్ మూత వల్ల మునుగుతుంది, నా ఉత్తరం వల్ల కాదన్నాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో సోమవారం తెలుస్తుంది. ఉంటుంది. నా అంత బాగా రాసేవాళ్ళు వాళ్ళకి దొరకరు.

బూట్స్ బాగున్నాడు. పొద్దున మెట్టు తనంతట తనే దిగి, ఎవరైనా చూశారా అని చుట్టూ చూశాడు.

సెప్టెంబర్ 22, సోమవారం

ఉద్యోగం ఉంది. మూతలు కూడా వెనక్కి తెప్పిస్తున్నారట. నా వల్ల కాదట, ముందే అనుకున్నారట. సరే.

ఇవాళ ఇడాహోలో ఒక మట్టిదారిలో తెరిచిన గేటు ఎదురైంది. అడుగుదామంటే మనిషి లేడు. తెరిచే వదిలి ముందుకు పోయాను. మళ్ళీ మనసొప్పక వెనక్కి తిరిగి, ఆ ఆసామి ఇల్లు వెతుక్కుంటూ పోయి అడిగాను. పళ్ళు లేని నోటితో పడీ పడీ నవ్వాడు. గేటు విరిగిపోయి రెండేళ్ళయిందట, మూసినా మూతపడదట. నేనూ నవ్వాను.

అక్టోబర్ 5, ఆదివారం

గ్వెన్ దగ్గర్నించి కబురు. ఒరిన్ దూడల్ని అమ్మాడట. మోకాలు నొప్పట, డాక్టరు దగ్గరికి పోడట. నికిల్ రోజూ పొద్దున్నే నా చోటికి పోయి తొట్టి పక్కన కాసేపు కూర్చుని వస్తున్నాడట. చివర్లో ఇలా రాసింది: "వచ్చే సెప్టెంబర్‌కి మస్టర్డ్ వస్తుందా అని ఒరిన్ అడగమన్నాడు. నీ గురించి ఏమీ అనలేదు. ఉన్నమాట చెబుతున్నా, ఏమీ అనుకోకే."

రెండుసార్లు చదివాను. బూట్స్‌కి కూడా చదివి వినిపించాను.

జవాబు రాశాను. మస్టర్డ్ వస్తుందని చెప్పు. దానికి బండి నడపడం రాదు గనక నేనూ రావాల్సి ఉంటుంది. వచ్చే ఏడు పై గేటు తెరిచి ఉంటుందా, వేసి ఉంటుందా, అది మాత్రం అడిగి చెప్పు.

సాయంత్రం దాకా ఏమీ రాలేదు. మస్టర్డ్‌ని తీసుకుని చాలా దూరం నడిచాను. తిరిగొచ్చేసరికి గ్వెన్ జవాబు ఉంది.

"గేటు సంగతి ఇప్పుడే ఎందుకన్నాడు. వచ్చాక తననే అడగమన్నాడు."